తీగ పాకంలో గుడ్డు సొన

పోర్చుగల్‌లో పాతకాలపు మిఠాయి కొట్టుకి వెళ్తే అద్దాల వెనక ఎటు చూసినా పసుపు రంగే. మిఠాయి రంగేదో కలిపారనుకుంటాం గానీ, అదంతా గుడ్డు పచ్చసొన. సొన, చక్కెర, కొన్నిట్లో కాస్త బాదం పొడి. వీటితోనే ఎన్ని రకాలు చేస్తారో!

వీటిలో చాలావరకు క్రైస్తవ సన్యాసినుల మఠాల్లో పుట్టినవి (కాన్వెంట్ అంటే మనకు ఇంగ్లీషు మీడియం బడి గుర్తొస్తుంది, అసలు అర్థం ఈ మఠమే). తెల్లసొనతో బట్టలకు గంజి పెట్టేవారట, వైన్‌ను తేటపరిచేవారట, మిగిలిన పచ్చసొన పారేయలేక మిఠాయిలు చేశారట. వైన్ మాట నిజమే, తెల్లసొనలోని ప్రోటీన్లు వగరు పదార్థాలను పట్టుకుని అడుక్కి దిగిపోతాయి. కానీ నన్నడిగితే అసలు కారణం చక్కెర. 15వ శతాబ్దంలో మదీరా దీవిలో చెరకు వేశారు, తర్వాత బ్రెజిల్ నుంచి కూడా వచ్చిపడింది. చక్కెరే లేకపోతే ఎన్ని సొనలు మిగిలి ఏం లాభం, అట్టేసుకు తినాలి.

ఇక పాకం సంగతి. ఉత్త సొన 65 డిగ్రీల దగ్గర చిక్కబడి, 70 దాటితే గట్టిపడుతుంది. చుట్టచుట్టుకుని ఉన్న ప్రోటీన్లు వేడికి విప్పుకుని ఒకదానికొకటి చిక్కుపడతాయన్నమాట. చక్కెర దండిగా ఉంటే అవి అంత తేలిగ్గా విప్పుకోవు, ఇంకా వేడి కావాలి. అందుకే అవైరు ఊళ్ళో చేసే ‘ఓవుష్ మోలిష్’లో సొనను పాకంలో కలిపి సన్నమంట మీద తిప్పుతుంటే, పొరటులా విరక్కుండా నున్నటి ముద్దవుతుంది.

‘ఫియుష్ ద ఓవుష్’, అంటే గుడ్డు దారాలు, దీనికి పూర్తిగా వ్యతిరేకం. సన్న బెజ్జాల గరాటులోంచి సొనను మరిగే పాకంలోకి ధారగా పోస్తారు, పడ్డది పడ్డట్టే గట్టిపడాలి. పాకం లేతదైతే దారం చెదిరిపోతుంది, ముదిరితే పెళుసెక్కుతుంది. మరిగేకొద్దీ నీళ్ళు ఆవిరై పాకం ముదురుతూనే ఉంటుంది కాబట్టి మధ్యమధ్యలో నీళ్ళు చిలకరిస్తుంటారు. వాళ్ళూ పాకాన్ని మనలాగే వేళ్ళ మధ్య సాగదీసి చూస్తారు, ఒక దశ పేరు ‘పోంతు ద ఫియు’, అచ్చంగా మన తీగ పాకం! బూందీ లడ్డూ చేసే చేతికి ఇది కొత్త విద్యేమీ కాదు.

1834లో పోర్చుగల్ ప్రభుత్వం మఠాలను రద్దు చేశాక ఈ వంటలు బజారుకొచ్చాయి. లిస్బన్‌లో జెరోనిముష్ మఠం పక్కన 1837 నుంచి అమ్ముతున్న బెలేం కస్టర్డ్ టార్ట్‌లు అలా వచ్చినవే.

గుడ్డు దారాలు మాత్రం అంతకు చాలా ముందే ఓడలెక్కాయి. థాయ్‌లాండ్‌లో ‘ఫోయ్ థోంగ్’, జపాన్‌లో ‘కేయిరన్ సోమెన్’ ఇవే. మనకి దగ్గర్లో, కేరళ మలబారులో ముస్లింల ఇళ్ళల్లో ‘ముట్టమాల’ అని చేస్తారు, అదే సొన, అదే పాకం. అక్కడ తెల్లసొనకు గంజి పని, వైన్ పని ఏమీ లేవు, చక్కెర కలిపి ఆవిరి మీద ఉడికించి ముక్కలు కోసి ఆ పసుపు దారాలతో పాటే పళ్ళెంలో పెట్టేస్తారు.