కాంట్రాక్టరు మారతాడు, సబ్‌స్టేషన్‌లో మనిషి మారడు

నెల్లూరు జిల్లా తీరం వెంబడి విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు మండలాల్లో రాత్రి పూట కరెంటు పోతే రొయ్యల రైతు ముందు ఫోన్ చేసేది సబ్‌స్టేషన్‌కే. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారేలోగా చెరువు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ ఫోన్ ఎత్తి, తిట్లు తిని, ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు పోయే లైను) ఎందుకు ట్రిప్ అయిందో చెప్పే షిఫ్ట్ ఆపరేటర్ చాలా చోట్ల విద్యుత్ సంస్థ ఉద్యోగి కాడు. ఆయన కాంట్రాక్టరు మనిషి. టెండరు పిలిచిన ప్రతిసారీ కాంట్రాక్టరు పేరు మారొచ్చు, ఆ కుర్చీలో కూర్చునే మనిషి మాత్రం ఏళ్ల తరబడి ఆయనే. ఈ ఏర్పాటు ఏదో ఒక్క ఉత్తర్వుతో వచ్చింది కాదు.

1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు కాలంలోనూ కాంట్రాక్టర్లున్నారు. గుంతలు తవ్వడం, స్తంభాలు నిలబెట్టడం, తీగ లాగడం వాళ్ల ముఠాలు చేసేవి. 1989 నవంబరులో కావలి దగ్గర తుపాను తీరం దాటినట్టు ఏదైనా ముంచుకొచ్చినప్పుడు కూలిన లైన్లు మళ్లీ నిలబెట్టడానికి ఇలాంటి ముఠాలు లేనిదే కుదరదు. అది వచ్చి చేసి వెళ్లిపోయే పని, దాంతో ఎవరికీ పేచీ లేదు. రోజూ ఉండే పని కూడా కాంట్రాక్టరు కిందికి జారడంతోనే చిక్కు మొదలైంది.

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎయిరిండియా కేసులో, ఒక పనిలో కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేస్తే అందులో చేస్తున్నవాళ్లను అసలు యజమానే, అంటే పని చేయించుకునే సంస్థే, తీసుకోవాలని చెప్పింది. 1997లో బోర్డు కూడా కాంట్రాక్టు కార్మికుల్లో కొందరిని తనలో కలుపుకుంది. ‘ఇవాళ కాంట్రాక్టు, రేపు బోర్డు’ అనే ఆశకు పునాది పడింది అక్కడే. కానీ 2001 ఆగస్టులో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టే ఆ తీర్పును పక్కన పెట్టింది. 2006లో, నియామక పద్ధతి పాటించకుండా తీసుకున్న తాత్కాలిక ఉద్యోగులకు పర్మినెంటు హక్కు లేదన్న ఉమాదేవి కేసు తీర్పుతో పర్మినెంటు తలుపు ఇంకా బిగుసుకుంది. ఆశ మాత్రం తీర్పులతో పాటు పోలేదు.

ఈలోగా బోర్డే లేకుండా పోయింది. 1998 సంస్కరణల చట్టంతో 1999 ఫిబ్రవరి 1న అది కరెంటు ఉత్పత్తి చేసే జెన్‌కో, దాన్ని చేరవేసే ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000 ఏప్రిల్‌లో నాలుగు పంపిణీ సంస్థలు (డిస్కంలు) పుట్టాయి. నెల్లూరు, ప్రకాశం రెండూ తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం కిందికి వెళ్లాయి. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు మీద నిరసన తెలిపినవాళ్లపై పోలీసు కాల్పులు జరిగాయి కాబట్టి సంస్కరణలంటే జనానికి గుర్తున్నది చార్జీలే. స్తంభమెక్కే ఉద్యోగాలు ఏమయ్యాయన్నది అప్పుడు పెద్దగా ఎవరికీ పట్టలేదు.

తర్వాత నెట్‌వర్క్ పెరిగింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. పొలాల్లో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే హెచ్‌వీడీఎస్ పనులు జరిగాయి. ఆక్వా చెరువులు, చీమకుర్తి గ్రానైట్ యూనిట్లు లోడు పెంచాయి. కొత్త 33/11 కేవీ సబ్‌స్టేషన్ పెడితే మూడు షిఫ్టులకు ముగ్గురు, సెలవు రోజుకు ఇంకొకరు కావాలి. సబ్‌స్టేషన్ మంజూరైనంత సులువుగా పోస్టులు మంజూరు కావు. ఖాళీలో కాంట్రాక్టు వచ్చి కూర్చుంది. బిల్లింగ్ మీటరుకింత అని పీస్ రేటుకు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే షెడ్లకూ కాంట్రాక్టు చేతులే వచ్చాయి. ఇవన్నీ కాగితం మీద ఉన్నవాళ్ల సంగతి. లైన్‌మన్ వెంట తిరిగే ప్రైవేటు హెల్పర్ అనే ఇంకో రకం మనిషి ఉంటాడు, ఆయన పేరు కాంట్రాక్టరు జాబితాలో కూడా కనిపించదు.

ప్రమాదం ఎక్కడుందో చూడాలంటే లైన్ క్లియర్ (ఎల్‌సీ), అంటే లైనులో కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి, సంగతి తెలియాలి. 11 కేవీ లైను మీద పనుంటే లైన్‌మన్ ఎల్‌సీ అడుగుతాడు. ఆపరేటర్ కరెంటు ఆపే బ్రేకర్ తీసి, లైనును విడదీసే ఐసోలేటర్ తెరిచి, టైమూ పేరూ రిజిస్టరులో రాసి ఎల్‌సీ ఇస్తాడు. పని చేసే చోట స్తంభం మీది ఏబీ స్విచ్ విప్పి, లైనుకు ఎర్త్ వేశాకే స్తంభం ఎక్కాలి. పని అయ్యాక ఎల్‌సీ తీసుకున్న మనిషే తిరిగి చెప్పాలి, అప్పటిదాకా బ్రేకర్ ముట్టకూడదు. రెండు ఫీడర్లు పక్కపక్కనే పోయే చోట ఒకదానికి ఎల్‌సీ తీసుకుని ఇంకోదాని మీద చెయ్యి పడితే అంతే. ఎక్కడో ఒక ఇంటి ఇన్వర్టరో జనరేటరో వెనక్కి కరెంటు పంపినా అంతే. ఇలాంటి పని గొలుసులో ఒక కొస సంస్థ ఉద్యోగి, ఇంకో కొస కాంట్రాక్టు ఆపరేటర్, స్తంభం మీద ఏ జాబితాలోనూ లేని హెల్పర్. మనిషి పోయాక మొదటి గొడవ నష్టపరిహారం గురించి కాదు, ఆయన ఎవరి తరఫున ఎక్కాడన్న దాని గురించి.

నిజానికి చట్టం దీన్ని గాలికేమీ వదిలేయలేదు. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చేదాకా, 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం కింద కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాల్సి ఉండేది. 1923 నాటి పరిహార చట్టం కింద ప్రమాదానికి పరిహారం కూడా అసలు యజమాని దగ్గరే వసూలు చేసే వీలుండేది, ఆయన దాన్ని కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాల్సి వచ్చేది. 2003లో మన రాష్ట్రం ఆ 1970 చట్టానికే ఇంకో అడుగు వేసి, సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు లేబర్‌ను నిషేధిస్తూ సవరణ తెచ్చింది. అదే సవరణలో కాపలా, క్యాంటీన్, లోడింగ్‌తో పాటు అప్పుడప్పుడు మాత్రమే జరిగే పనులనూ మినహాయించింది. కరెంటు పంపిణీ చేసే సంస్థకు సబ్‌స్టేషన్ నడపడం ప్రధాన పని కాకపోతే మరేది ప్రధానమో నాకైతే అర్థం కాదు.

2019 నుంచి బొమ్మ ఇంకా కలగాపులగమైంది. గ్రామ సచివాలయాల కోసం ఎనర్జీ అసిస్టెంట్లను జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2గా డిస్కంలు నేరుగా తీసుకున్నాయి. స్తంభం ఎక్కడం, మీటరు చదవడం, సైకిల్ తొక్కడంలో పరీక్ష పెట్టి మరీ ఎంచుకున్నారు. అప్పటికే ఏళ్లుగా అదే పని చేస్తున్నవాళ్లు పక్కనే కాంట్రాక్టులో ఉండిపోయారు. 2020 ఏప్రిల్ నుంచి ప్రకాశం విజయవాడ కేంద్రంగా ఉన్న కొత్త డిస్కంలోకి మారింది, నెల్లూరు తిరుపతి డిస్కంలోనే ఉంది. ఒంగోలు వాళ్ల వినతిపత్రం విజయవాడకు, నెల్లూరు వాళ్లది తిరుపతికి. ఇద్దరూ చూపించేది తెలంగాణనే. 2017 జూలైలో అక్కడ దాదాపు 23 వేల మంది కాంట్రాక్టు కార్మికులను ఆర్టిజన్లు అనే పేరుతో విద్యుత్ సంస్థల్లోకి తీసుకున్నారు.

ఇప్పుడు స్మార్ట్ మీటర్ల వంతు. కేంద్రం 2021లో తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం కింద వస్తున్న మీటరు తన రీడింగ్ తానే పంపుకుంటుంది. బిల్లింగ్ మెషిన్ మెడలో వేసుకుని ఇంటింటికీ తిరిగే మీటర్ రీడర్లు ప్రత్యామ్నాయ ఉపాధి అడుగుతున్నారు. పీస్ రేటు మనిషికి పోస్టు లేదు కాబట్టి తీసేయడానికి ఉత్తర్వు కూడా అక్కర్లేదు, ఆ నెల మీటర్ల జాబితా చేతికివ్వకపోతే సరిపోతుంది.