టొరంటో సిటీ క్లాసుల రిజిస్ట్రేషన్: కౌంటర్ ఇవతల నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

టొరంటోలో సిటీ నడిపే ఒక కమ్యూనిటీ సెంటర్లో పనిచేస్తాను. మొదట్లో పిల్లలకి ఈత నేర్పేదాన్ని. ఇప్పుడు క్లాసుల షెడ్యూళ్ళు వేయడం, రిజిస్ట్రేషన్ల గొడవ చూసుకోవడం నా పని. బ్యాడ్జ్ మీద పేరు చూడగానే మనవాళ్ళు "మీరు తెలుగువాళ్ళా అక్కా?" అని నేరుగా తెలుగులోకి దిగిపోతారు. అక్కడి నుంచి వచ్చే ప్రశ్నల్లో సగం వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటలే. వాటికి నా జవాబులు ఇవి. సీటు దొరకని ఇళ్ళలో చాలావాటికి అసలు అడ్డంకి రిజిస్ట్రేషన్ తెరుచుకునే ఉదయం కాదు, దాని ముందు వారం.

అపోహ: "ఉదయం ఏడింటికి ఎవరి ఇంటర్నెట్ స్పీడుగా ఉంటే వాళ్ళకే సీటు."

పోటీ మాట నిజమే. శనివారం పొద్దున చిన్నపిల్లల ఈత క్లాసులు నిమిషాల్లో నిండిపోతాయి. కానీ ఆ రోజు మాకు వచ్చే ఫోన్లు వింటే అసలు సంగతి తెలుస్తుంది. పాస్‌వర్డ్ గుర్తులేదు. రెండో పాపని అకౌంట్లో చేర్చనేలేదు. పుట్టిన తేదీలో నెల, రోజు తారుమారయ్యాయి, దాంతో వయసు సరిపోలేదని సిస్టం ఒప్పుకోవడం లేదు. కార్డు గడువు తీరిపోయింది. వీటిలో ఏదీ ఇంటర్నెట్ వల్ల వచ్చింది కాదు.

వారం ముందే అకౌంట్ తెరిచి చూసుకోండి. ఇంట్లో ఎవరెవరు క్లాసులకి వెళ్తారో అందరినీ చేర్చండి. ప్రతి క్లాసుకీ ఒక కోడ్ ఉంటుంది. మీకు పనికొచ్చే క్లాసుల కోడ్‌లు మూడు నాలుగు కాగితం మీద రాసి పెట్టుకోండి. మనవాళ్ళలో చాలామంది ఒకే క్లాసు మీద కన్నేస్తారు, అదీ ఇంటికి దగ్గర్లో, శనివారం పదింటికి. ఊరంతా కోరుకునేదీ అదే. ఆదివారం సాయంత్రమో, మంగళవారం ఆరున్నరకో, బస్సులో పదిహేను నిమిషాల దూరంలో ఉన్న ఇంకో పూల్లోనో సీట్లు మిగులుతాయి. సైట్లో మిమ్మల్ని క్యూలో నిలబెట్టే వెయిటింగ్ రూమ్ పేజీ వస్తే దాన్ని అలాగే వదిలేయండి. కంగారుపడి రిఫ్రెష్ కొట్టకండి. ఆన్‌లైన్ మీద నమ్మకం లేకపోతే ఫోన్లోనూ చేసుకోవచ్చు, కొన్ని సెంటర్లలో నేరుగా వచ్చి కూడా చేసుకోవచ్చు.

అన్ని క్లాసులూ ఒకే రోజు తెరుచుకోవు. ఏ రోజు ఏవి తెరుస్తారో ప్రతి సీజన్‌కీ సిటీ సైట్లో చూసుకోవాలి. పోయినసారి తేదీ ఈసారి పనికిరాదు, పక్కింటివాళ్ళ తేదీ మీదే అవ్వాలనీ లేదు.

అపోహ: "వెయిట్‌లిస్ట్ అంటే ఇక రానట్టే."

మొదటి వారం దాటాక మానేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఖాళీ వస్తే లిస్టులో ఉన్నవాళ్ళని వరుసగా పిలుస్తాం. మనవాళ్ళతో వచ్చే చిక్కు ఒకటే, తెలియని నంబరు అయితే ఎత్తరు. మోసపు కాల్స్ భయం నాకు అర్థమవుతుంది. కానీ వెయిట్‌లిస్టులో పేరు ఉన్నన్నాళ్ళు ఆ ఒక్క కాల్ ఎత్తండి, ఈమెయిల్ స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి. జవాబు రాకపోతే తర్వాతి పేరుకి వెళ్ళిపోతాం, వేరే దారి లేదు.

అపోహ: "పై లెవెల్లో వేస్తే పిల్లాడు త్వరగా నేర్చుకుంటాడు."

ఈ ఒక్క మాట వల్ల పోయినన్ని సీట్లు ఇంకే కారణంగానూ పోవు. ఈతలో లెవెల్ అంటే తరగతి కాదు, నీళ్ళలో ఏం చేయగలడో దాన్ని బట్టి ఉంటుంది. మొదటి క్లాసులోనే ఇన్‌స్ట్రక్టర్ చూస్తారు. ముఖం నీళ్ళలో పెట్టలేని పిల్లాడు లోతు నీళ్ళ క్లాసులో ఉంటే వాడికీ ప్రమాదం, మిగతా పిల్లలకీ ఇబ్బంది. కింది లెవెల్లోకి మార్చాలంటే అక్కడ ఖాళీ ఉండాలి. అక్కడ ఖాళీ ఉండదు, ఎందుకంటే అందరికీ కావలసినది అదే. చివరికి డబ్బు కట్టి గట్టు మీద కూర్చోవడమే.

ఇంకో తికమక పాత నంబర్లతో. కెనడియన్ రెడ్‌క్రాస్ ఈత పాఠాల నుంచి తప్పుకుంటున్నట్టు 2022లో ప్రకటించింది. దాని స్విమ్ కిడ్స్‌లో పది లెవెల్స్ ఉండేవి. ఇప్పుడు ఇక్కడి సిటీల్లో ఎక్కువగా నడిచేది, నీటి ప్రమాదాల నివారణకి పనిచేసే లైఫ్‌సేవింగ్ సొసైటీ వాళ్ళ స్విమ్ ఫర్ లైఫ్. అందులో మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి ప్రీస్కూల్ లెవెల్స్ ఐదు, ఆ పై వయసువాళ్ళకి స్విమ్మర్ 1 నుంచి 6 దాకా. "మా పెద్దాడు స్విమ్ కిడ్స్ ఫైవ్‌లో ఆపేశాడు, ఇప్పుడు స్విమ్మర్ సిక్స్‌లో వేయండి" అంటే కుదరదు. నంబర్లు పోలినంత మాత్రాన లెవెల్స్ పోలవు. అనుమానంగా ఉంటే రిజిస్ట్రేషన్‌కి ముందే సెంటర్‌కి ఫోన్ చేసి, పిల్లాడు ఏమేం చేయగలడో చెప్పండి. వెల్లకిలా తేలగలడా, సాయం లేకుండా ఎన్ని మీటర్లు ఈదగలడు, అలాంటివి. సరైన లెవెల్ చెప్పడానికి అది చాలు.

అపోహ: "అదే లెవెల్ మళ్ళీ చేయమన్నారంటే ఫెయిలైనట్టే."

రిపోర్ట్ కార్డు చేతికి రాగానే "ఎక్కడ తగ్గింది మేడమ్?" అని పిల్లాడి ముందే అడిగేవాళ్ళు ఉన్నారు. పాపం వాడు తువ్వాలు చుట్టుకుని చలికి వణుకుతూ నిలబడి ఉంటాడు. ఒక లెవెల్ రెండు మూడు సీజన్లు చేయడం మామూలే. వారానికి ఒక్కసారి, అరగంటో ముప్పావుగంటో నీళ్ళలో ఉంటే అంతకంటే వేగంగా ఎవరికీ రాదు. మధ్యలో లీజర్ స్విమ్‌కి, అంటే క్లాసు లేకుండా సరదాగా ఈదే సమయానికి, తీసుకొచ్చి ఆడిస్తే చాలా తేడా కనిపిస్తుంది.

కొలబద్ద కావాలంటే ఒకటి ఉంది. లైఫ్‌సేవింగ్ సొసైటీ వాళ్ళ స్విమ్ టు సర్వైవ్ పరీక్షలో అనుకోకుండా లోతు నీళ్ళలో పడ్డట్టు దొర్లి పడాలి, ఒక నిమిషం ఉన్నచోటే తేలాలి, ఆపైన 50 మీటర్లు ఈదాలి. మీ అమ్మాయి ఏ లెవెల్లో ఉన్నా ఈ మూడూ వరసగా చేయగలుగుతుందా అన్నది నేనైతే ముందు చూస్తాను. సర్టిఫికెట్ రంగు తర్వాత.

అపోహ: "ఈత పిల్లలకి. మనకి ఈ వయసులో ఎందుకు?"

లైఫ్‌సేవింగ్ సొసైటీ చేయించిన సర్వేలో, కెనడాలో పుట్టినవాళ్ళతో పోలిస్తే కొత్తగా వచ్చినవాళ్ళలో ఈత రానివాళ్ళు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. వేసవి రాగానే చెరువులకీ జలపాతాలకీ వెళ్ళేదీ మనమే. నీళ్ళలో మునిగిపోయారన్న వార్తల్లో మన కుర్రాళ్ళ పేర్లు కూడా చదివాం.

పెద్దవాళ్ళకి విడిగా క్లాసులున్నాయి. నలభైల్లో ఉన్న అమ్మలు, అరవై దాటిన తాతగార్లు కూడా వస్తారు. బట్టల గురించి మొహమాటపడి ఆగిపోయేవాళ్ళు చాలామంది. ఒంటిని కప్పే స్విమ్‌సూట్లు వేసుకోవచ్చు, లెగ్గింగ్స్‌లాంటివి దొరుకుతాయి. కాటన్ చుడీదార్ మాత్రం వద్దు, నీళ్ళు పీల్చి కాళ్ళకి బరువవుతుంది. ఆడవాళ్ళకి మాత్రమే అని పెట్టిన సమయాలు కొన్ని పూల్స్‌లో ఉన్నాయి. రీజెంట్ పార్క్‌లోని పూల్‌కి ఆ సమయంలో బయటికి కనబడకుండా తెరలు కూడా దించుతారు.

అపోహ: "ఫీజులో రాయితీ తీసుకుంటే పీఆర్ (శాశ్వత నివాసం)కి, సిటిజన్‌షిప్‌కి దెబ్బ."

ఈ భయంతో అర్హత ఉన్నా అడగని కుటుంబాలు నాకు తెలుసు. కొత్తగా వచ్చి ఒక్క జీతం మీద ఇల్లు నడిపేవాళ్ళు, పిల్లలిద్దరికీ ఫీజు కట్టలేక క్లాసే మానేస్తారు. అది చూస్తే కోపం వస్తుంది, వాళ్ళ మీద కాదు, ఆ పుకారు పుట్టించినవాళ్ళ మీద.

టొరంటోలో ఉంటూ ఆదాయం ఒక హద్దుకి లోపు ఉన్న కుటుంబాలకి సిటీ వెల్కమ్ పాలసీ కింద ఏడాదికి కొంత క్రెడిట్ ఇస్తుంది. దాన్ని క్లాసులకి, వేసవి క్యాంపులకి వాడుకోవచ్చు. ఇది సిటీ తన సొంత క్లాసుల ఫీజులో ఇచ్చే తగ్గింపు. ఇమ్మిగ్రేషన్ ఫారాల్లో సోషల్ అసిస్టెన్స్ అని అడిగేది వేరు. అది ప్రావిన్స్ సంక్షేమ పథకం కింద తిండికీ ఇంటికీ బట్టలకీ ఇచ్చే సాయం, ఒంటారియో వర్క్స్‌లాంటిది. అమ్మానాన్నల్ని స్పాన్సర్ చేసేటప్పుడు అడ్డొచ్చేది అది. ఈత క్లాసు రాయితీ ఆ లెక్కలోకి రాదు. ఇక సిటిజన్‌షిప్ దరఖాస్తులో చూసేది ఇక్కడ ఉన్న రోజులు, పన్ను ఫైలింగ్, వయసుని బట్టి భాష, పరీక్షలాంటివి.

అప్లై చేసిన మర్నాడే క్రెడిట్ పడదు, కాగితాలు చూడటానికి వారాలు పడుతుంది. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున గుర్తొస్తే లాభం లేదు, సీజన్‌కి చాలా ముందే పెట్టుకోవాలి. ఏటా మళ్ళీ అప్లై చేయాలన్నదీ మరిచిపోకండి. ఇవేవీ అక్కర్లేని దారి ఇంకోటి ఉంది. ఊళ్ళో దాదాపు 40 సెంటర్లని ఫ్రీ సెంటర్లుగా పెట్టారు, అక్కడ క్లాసులకి ఫీజు ఉండదు. ఆదాయం కాగితం అడగరు.

అపోహ: "పీఆర్ ఉంటేనే చేరనిస్తారు."

చూసేది అడ్రసు, ఇమ్మిగ్రేషన్ స్టేటస్ కాదు. టొరంటో తన సేవలకి స్టేటస్ అడగకూడదని 2013లోనే తీర్మానించుకుంది. స్టడీ పర్మిట్ మీద ఉన్నవాళ్ళు, వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళు మామూలుగా చేరిపోతారు. సూపర్ వీసా (పిల్లల దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళకి ఇచ్చే వీసా) మీద వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు కూడా. ఆ వీసా మీద ఒకసారి వస్తే ఐదేళ్ళ దాకా ఉండొచ్చు. అన్నేళ్ళు చలికాలమంతా ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టకండి, సీనియర్ల వ్యాయామ క్లాసుల్లో చేర్చండి. ఇంగ్లీషు రాదని జంకితే సిటీ సమాచార నంబరు 311కి ఫోన్ చేసి దుబాసీ కావాలని అడగొచ్చు, 180కి పైగా భాషల్లో సాయం చేస్తారు.

అడ్రసు మాత్రం నిజంగా ముఖ్యం. పక్క ఊళ్ళు బ్రాంప్టన్లోనో మిస్సిసాగాలోనో ఉంటూ టొరంటో క్లాసు కావాలంటే ఇక్కడివాళ్ళ తర్వాతే మీ వంతు, ఫీజూ ఎక్కువ. అక్కడికి వెళ్ళే టొరంటోవాళ్ళకీ అంతే. స్నేహితుడి అడ్రసు ఇచ్చేవాళ్ళున్నారు. మేం కనిపెట్టలేం అనుకుంటారు.

అపోహ: "చవక కాబట్టి సిటీ క్లాసులు నాసిరకం."

ప్రైవేటు స్కూళ్ళలో చాలావాటిలోనూ నేర్పేది ఇదే లైఫ్‌సేవింగ్ సొసైటీ పాఠం. అయితే ఒకటి ఒప్పుకోవాలి. సిటీ గ్రూపులు పెద్దవి. నీళ్ళంటే బాగా బెదిరే పిల్లలకి మొదట్లో విడిగా చెప్పించడమే మంచిదని నేనే చెప్తుంటాను. పోటీల్లో పాల్గొనే స్థాయికి ఎదగాలనుకుంటే తర్వాత క్లబ్బు తప్పదు. సిటీ క్లాసు పునాది వేస్తుంది, అంతవరకే.

అపోహ: "రిజిస్ట్రేషన్ తప్పిపోతే మూడు నెలలు ఖాళీ."

డ్రాప్-ఇన్ సమయాలు ఉంటాయి. ఈత, షటిల్, బాస్కెట్‌బాల్, స్కేటింగ్ సీజన్ రిజిస్ట్రేషన్ లేకుండానే వచ్చి ఆడుకోవచ్చు. వేసవిలో ఆరుబయట పూల్స్‌లో లీజర్ స్విమ్, చలికాలంలో ఆరుబయట రింకుల్లో స్కేటింగ్ ఉచితం. స్కేటింగ్ క్లాసుకి సీఎస్ఏ (కెనడా భద్రతా ప్రమాణాల సంస్థ) గుర్తు ఉన్న హాకీ హెల్మెట్ తప్పనిసరి. సైకిల్ హెల్మెట్ పెట్టుకొస్తే వెనక్కి పంపాల్సి వస్తుంది, ఏడ్చే పిల్లల్ని చూడలేక చెప్తున్నాను.

అపోహ: "హైస్కూల్‌కి వచ్చాక ఇవన్నీ ఆపేయాలి, చదువు దెబ్బతింటుంది."

స్విమ్మర్ లెవెల్స్ అయ్యాక అసలు ఉపయోగం మొదలవుతుంది. లైఫ్‌గార్డ్ కావడానికి మెట్లలాంటి కోర్సులుంటాయి: 13 ఏళ్ళకి బ్రాంజ్ మెడాలియన్, ఆ తర్వాత బ్రాంజ్ క్రాస్, 15 ఏళ్ళు నిండితే నేషనల్ లైఫ్‌గార్డ్. అప్పటికి చేతిలో ఉద్యోగం ఉన్నట్టే. కోవిడ్‌లో పూల్స్ మూతపడి ఈ కోర్సులు ఆగిపోయాక లైఫ్‌గార్డులకీ ఇన్‌స్ట్రక్టర్లకీ కొరత వచ్చింది. పబ్లిక్ పూల్స్‌లో లైఫ్‌గార్డులు ఎంతమంది ఉండాలన్నది ఒంటారియో నిబంధన, ఇన్‌స్ట్రక్టర్ లేకుండా క్లాసూ ఉండదు. మీ చిన్నపిల్లలకి సీటు దొరక్కపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే. మీ పెద్దమ్మాయి ఆ కోర్సు చేస్తే ఆ కొరత కొంచెమైనా తగ్గుతుంది. హైస్కూల్ డిప్లొమాకి కావలసిన 40 గంటల వాలంటీర్ పని కూడా సిటీ క్యాంపుల్లో చేసుకోవచ్చు.

అపోహ: "పిల్లల క్లాసుల ఫీజు ట్యాక్స్‌లో వస్తుంది."

వచ్చేది, ఇప్పుడు రాదు. పిల్లల ఫిట్‌నెస్‌కి ఇచ్చిన ఫెడరల్ క్రెడిట్ 2017 నుంచి లేదు. వేసవి డే క్యాంపు సంగతి వేరు. మీరు ఉద్యోగానికి వెళ్ళడానికి పిల్లల్ని క్యాంపులో ఉంచితే అది చైల్డ్ కేర్ ఖర్చు కిందికి వస్తుంది. ట్యాక్స్ రిటర్న్‌లో లైన్ 21400, ఫారం టీ778. మామూలుగా ఏడేళ్ళలోపు పిల్లలకి ఏడాదికి 8,000 డాలర్ల దాకా, 7 నుంచి 16 ఏళ్ళవాళ్ళకి 5,000 దాకా చూపించుకోవచ్చు. ఇద్దరూ సంపాదిస్తుంటే సాధారణంగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళే చూపించాలి. వారానికోసారి వచ్చే ఈత క్లాసు ఇందులో పెట్టకండి. క్యాంపు రసీదు మాత్రం దాచుకోండి. ప్రతి ఏప్రిల్‌లోనూ మా కౌంటర్ దగ్గర క్యూ అంతా పోయిన రసీదుల కోసమే.