సీ ప్రోగ్రామ్‌లోకి ఒక బొమ్మను ఎక్కించాలంటే

ప్రోగ్రామ్‌తో పాటు ఒక ఐకాన్, ఒక ఫాంట్ ఇవ్వాలి. విడిగా ఇస్తే ఏదో ఒకటి తప్పిపోతుంది కాబట్టి ఎగ్జిక్యూటబుల్‌లోనే, అంటే నడిచే ప్రోగ్రామ్ ఫైలులోనే కలిపేద్దాం అనుకుంటాం. సీ ప్రోగ్రామింగ్ భాష పుట్టింది 1970ల మొదట్లో. ఈ చిన్న పనికి భాషలోనే దారి దొరకడానికి 2022 దాకా పట్టింది.

1980ల్లో యూనిక్స్ తెరలపై కిటికీలు, బొమ్మలు చూపించే ఎక్స్ విండో వాళ్లు ఎక్స్‌బీఎం అనే బొమ్మల ఫార్మాట్ పెట్టారు. బొమ్మ ఫైలే సీ కోడ్, నేరుగా మన కోడ్‌లోకి ఇన్‌క్లూడ్ చేసుకోవచ్చు (చేర్చుకోవచ్చు). కాకపోతే రెండే రంగులు.

మిగతా ఫైళ్లకు దిక్కు ఎక్స్‌ఎక్స్‌డీ, విమ్ ఎడిటర్‌తో పాటు వచ్చే టూల్. ఫైలులోని బైట్లను సీ కోడ్‌లో అంకెల జాబితాగా రాసిపెడుతుంది. పీఎన్‌జీ బొమ్మ ఫైలు మొదటి బైట్ హెక్సాలో (16 అంకెల లెక్కలో) 89. ఎక్స్‌ఎక్స్‌డీ దాన్ని 'సున్నా, ఎక్స్, 8, 9, కామా, స్పేస్' అని రాస్తుంది. ఒక బైట్‌కు ఆరు అక్షరాలు! ఒక ఎంబీ ఫైలు ఆరు ఎంబీలు దాటిన సోర్స్ అవుతుంది. కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ ఒక్కో అంకెనూ విడివిడిగా చదివి, బైట్‌లో పడుతుందో లేదో చూసి, చివరికి ఆ అసలు బైట్‌నే తిరిగి రాస్తుంది. తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకోవడమంటే ఇదే. ఫైలు పెద్దదైతే ర్యామ్ సంగతి చెప్పక్కర్లేదు. అంకెల బదులు స్ట్రింగ్‌గా (కోట్స్ మధ్య అక్షరాలుగా) రాస్తే వేగమే గానీ, విజువల్ స్టూడియో 2022కు ముందు మైక్రోసాఫ్ట్ కంపైలర్ 65,535 బైట్ల దగ్గర ఆపేసేది.

విచిత్రమేమిటంటే సీ కన్నా కింది స్థాయి భాష కోసం ఉన్న గ్నూ అసెంబ్లర్‌లో ఇది 'ఇంక్‌బిన్' అనే ఒక్క లైను పని. కోడ్ ముక్కలను ఒక ప్రోగ్రామ్‌గా అతికించే గ్నూ లింకర్ కూడా ఫైలును నేరుగా కలిపి స్టార్ట్, ఎండ్, సైజ్ అని మూడు సింబల్స్ (కోడ్‌లో వాడుకునే పేర్లు) ఇస్తుంది. ఆ సైజ్‌లో ఒక మెలిక ఉంది: దాని అడ్రసే అసలు విలువ. మామూలు వేరియబుల్ అనుకుని చదివి నేనూ సెగ్‌ఫాల్ట్ తిన్నాను, అంటే ప్రోగ్రామ్ కుప్పకూలింది.

2018లో జీన్‌హెయిడ్ మెనీడ్ అనే ప్రోగ్రామర్ ఈ సౌకర్యం కోసం మొదట సీ ప్లస్ ప్లస్ భాష కమిటీకి ప్రతిపాదన పెట్టారు. ఏ ఫైలు కావాలో బిల్డ్ టూల్స్‌కు ముందే ఎలా తెలుస్తుందన్న పేచీ వచ్చింది. ఇన్‌క్లూడ్ లాగే ప్రీప్రాసెసర్ డైరెక్టివ్ (కంపైల్ మొదలవక ముందే అమలయ్యే ఆదేశం) అయితే ఆ గొడవ ఉండదు. ఆ రూపంలోనే 2022 జులైలో 'హ్యాష్ ఎంబెడ్' సీ భాష కొత్త ప్రమాణమైన సీ23లోకి వచ్చింది. అప్పటికే రస్ట్, గో భాషల్లో ఈ సౌకర్యం ఉంది. క్లాంగ్ 19, జీసీసీ 15 కంపైలర్ల నుంచి మనమూ వాడుకోవచ్చు.

దీనికి 'లిమిట్' అనే పారామీటర్ కూడా పెట్టారు. లైనక్స్‌లో యాదృచ్ఛిక బైట్లు ఇచ్చే యురాండమ్ లాంటి ఫైలుకు అంతమే ఉండదు. ఎన్ని బైట్లు కావాలో చెప్పకపోతే కంపైలర్ చదువుతూనే ఉంటుంది మరి.