మర్నాడు బాగానే ఉన్న మనిషికి డ్రిప్ ఎందుకు?

పారాసిటమాల్ మోతాదు మించి మింగిన మనిషి మర్నాడు పొద్దున కూడా బాగానే కనిపిస్తాడు. కాస్త వికారం, ఒకటో రెండో వాంతులు, అంతే. మంచమ్మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ "ఇంటికెప్పుడు పంపిస్తారు?" అని అడుగుతాడు. కుడి డొక్కలో నొప్పి రెండో రోజుకో మూడో రోజుకో మొదలవుతుంది. కామెర్లు ఆ తర్వాతే. అప్పటికి లివర్‌కు జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. అందుకే డాక్టరు అన్నిటికంటే ముందు గడియారం చూస్తాడు: ఎన్నింటికి మింగారు?

ఈ మందులో ఎక్కువ భాగాన్ని లివర్ రెండు దారుల్లో మార్చి మూత్రంలోకి పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం నాప్‌కీ అనే విషంగా మారుతుంది. మామూలు మోతాదులో దాన్ని గ్లూటాథయోన్ అనే పదార్థం పట్టుకుని విరిచేస్తుంది. మోతాదు మించితే, తూములు చాలక చెరువు అలుగు పారినట్టు, విషం దారికి వరదొస్తుంది. గ్లూటాథయోన్ నిల్వ అడుగంటుతుంది. మిగిలిన విషం కణాల్లోని ప్రోటీన్లకు అతుక్కుని వాటిని చంపేస్తుంది.

విరుగుడు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్. కఫం పలచబడటానికి వాడే మందే ఇది. సీసా తెరిస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. గ్లూటాథయోన్ తయారీకి లివర్‌కు కావలసిన ముడిసరుకు దీన్నుంచే అందుతుంది. దీన్ని నరంలోకి ఎక్కించి ఫలితం చూపించింది 1970లలో ఎడిన్‌బరో వైద్యుడు లారీ ప్రెస్కాట్ బృందం. మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే లివర్ దాదాపు ఎప్పుడూ దక్కుతుంది. ఆ తర్వాత గంటగంటకూ భరోసా తగ్గుతుంది. ఆలస్యమైందని మానేయరు, అప్పుడూ ఎంతో కొంత మేలే.

మరి వచ్చిన ప్రతివాళ్ళకూ ఎక్కించెయ్యొచ్చుగా? పాత పద్ధతిలో ఆ డ్రిప్ 21 గంటలు సాగుతుంది. కొందరికి దద్దుర్లు, ఒళ్ళు ఎర్రబడటం, ఆయాసం వస్తాయి. పైగా మోతాదు మించినవాళ్ళలో చాలామందికి ఏ మందూ లేకపోయినా లివర్ దెబ్బతినదు. ఎవరికి అవసరమో తేల్చడానికి 1975లో అమెరికా వైద్యుడు బ్యారీ రూమాక్, ఎడిన్‌బరోకు చెందిన హెన్రీ మాథ్యూ ఒక గ్రాఫు ప్రచురించారు. అడ్డంగా గంటలు, నిలువుగా రక్తంలో మందు స్థాయి, మధ్యలో కిందికి జారే ఒక గీత. రోగి చుక్క గీత పైన పడితే వైద్యం.

రక్తంలో లీటరుకు 80 మిల్లీగ్రాములు వచ్చిందనుకోండి. మింగిన 4 గంటలకు ఆ అంకె వస్తే ఊపిరి పీల్చుకోవచ్చు, ఏ దేశపు గీత చూసినా కిందే. అదే అంకె 12 గంటలకు వస్తే అన్ని గీతలకూ పైనే. శరీరం మందును వదిలించుకోలేకపోతోందన్నమాట. 4 గంటలకు ముందు తీసిన రక్తం లెక్కకు రాదు, మందింకా పేగుల్లోంచి ఎక్కుతూనే ఉంటుంది.

గీత ఎక్కడ గీయాలన్నది తేలని తగువు. మొదటి గీత 4 గంటల దగ్గర 200తో మొదలైంది. అమెరికా జాగ్రత్త కోసం పాతిక శాతం తగ్గించి 150 చేసుకుంది. తాగుడు అలవాటున్నవాళ్ళకు, తిండి సరిగా లేనివాళ్ళకు బ్రిటన్ 100 గీత వేరుగా ఉంచుకునేది. 2012లో అందరికీ అదొక్కటే చాలంది. రక్తం అన్ని దేశాల్లోనూ ఒకటే. మారేది ఒక్క ప్రాణం జారిపోకుండా ఎంతమందికి అనవసరంగా సూది గుచ్చడానికి ఒప్పుకుంటామన్నదే. నాకు బ్రిటన్ గీత మరీ కిందికి దిగినట్టే అనిపిస్తుంది, కానీ రాత్రి రెండింటికి క్యాజువాలిటీలో నిలబడి నిర్ణయించాల్సింది నేను కాదు.

గ్రాఫు చేతులెత్తేసే సందర్భాలూ ఉన్నాయి. పంటినొప్పికి రెండు రోజులుగా 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రలు వేసుకుంటూ, జలుబు మాత్ర కూడా కలిపిన మనిషికి 'ఎన్నింటికి' అన్న ప్రశ్నకు జవాబే లేదు. డోలో అన్నా క్రోసిన్ అన్నా అదే మందు, జలుబు మాత్రల్లో చాలావాటిలోనూ అదే. అలాంటప్పుడు గ్రాఫు పక్కనపెట్టి, మొత్తం ఎంత మింగారో లెక్కకట్టి, లివర్ పరీక్షలు చూసి తేలుస్తారు. రక్తస్థాయి రిపోర్టు 8 గంటల్లోపు చేతికి రాదనుకుంటే, మింగింది ఎక్కువేనని తెలిస్తే చాలు, ముందు డ్రిప్ పెట్టేస్తారు. రిపోర్టు వచ్చాక గీత కింద ఉంటే తీసేస్తారు. లేదంటే సీసా అయిపోయేముందు మళ్ళీ రక్తం తీస్తారు. ఏఎల్‌టీ (లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలోకి చేరే ఎంజైమ్) పెరుగుతున్నా, రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతున్నా ఇంకో సీసా తగిలిస్తారు.