జీడిపప్పు విషం కాదు, పెంకుతోనే ప్రమాదం

పలాసలో జీడిపిక్కల పరిశ్రమలో పనిచేస్తాను. బంధువుల్లో, తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు తరచూ ఫోను చేసి ఇదే అడుగుతారు: "దుకాణంలో కొన్న జీడిపప్పును వేయించకుండానే పిల్లలు తినేశారు. పచ్చి జీడిపప్పు విషమట కదా!"

కంగారు పడకండి, ఆ పప్పు పచ్చిది కాదు. పిక్కలను ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి, పెంకు కోసి, లోపలి పప్పును డ్రయ్యర్‌లో ఎండబెట్టిన తర్వాతే పొట్టు తీస్తాం. ఇంత జరిగాకే అది దుకాణానికి చేరుతుంది. ఎవరో పంపిన సందేశం చదివి డబ్బా మొత్తం చెత్తలో పోయవద్దు.

అసలు ప్రమాదం పెంకులో ఉంది. దాని పొరల మధ్య ఉండే జీడినూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి. చర్మానికి తగిలితే బొబ్బలెక్కిస్తాయి. పప్పంటే ఇంత బెదిరే మనుషులు తోటలో రాలిన పిక్కను మాత్రం పళ్లతో కొరుకుతారు, ఇంట్లో పెనం మీద వేయిస్తారు! వేడికి నూనె చిమ్ముతుంది, అంటుకుంటుంది, పొగకు కళ్లు, గొంతు మండిపోతాయి. వేసవి సెలవులకు వచ్చిన మా మేనకోడలు అలాగే ఒక పిక్క కొరికింది. పెదవులు వాచిపోయి పాపం చాలా రోజులు గంజి తప్ప ఏమీ మింగలేకపోయింది. పైగా ఎవరో చెప్పారని పుండ్ల మీద ఆముదం పూశారు. మా దగ్గర పిక్కలు కోసే ఆడవాళ్లు పనికి ముందు చేతులకు నూనె రాసుకుంటారు. అది ముందు జాగ్రత్తే తప్ప మందు కాదు. జీడి అంటితే వెంటనే సబ్బుతో బాగా కడగాలి, ఆ చేత్తో కళ్లు ముట్టుకోకూడదు. బొబ్బలు వస్తే వైద్యుడికి చూపించాలి.

"పల్లెల్లో కాల్చుకుని తింటారు కదా" అంటారు. తింటారు. ఆరుబయట మంట వేసి, పొగకు ఎడంగా నిలబడి, కాలిన పిక్కలను బూడిదలో దొర్లించి మరీ కొడతారు. అది అలవాటైన చేతుల పని. మీ వంటగదిలో వద్దు.

కొలెస్ట్రాల్ అని మానేసినవారికి: మొక్కల నుంచి వచ్చే ఏ పప్పులోనూ కొలెస్ట్రాల్ లెక్కలోకి రాదు. కొవ్వు, కేలరీలు మాత్రం ఎక్కువే కాబట్టి కొద్దిగా తినండి. జీడిపప్పు అలెర్జీ ఉన్నవారు అసలు ముట్టుకోవద్దు. జీడిపప్పు రకాలకు పెట్టే 180, 320 అనేవి పౌనుకు ఎన్ని గుళ్లు (విరగని పప్పులు) తూగుతాయో చెప్పే అంకెలు, రుచికి కొలతలు కావు. పాయసానికి బద్దలు చాలు.

జీడిమామిడి పండునూ నిరభ్యంతరంగా తినవచ్చు, నారింజ కంటే విటమిన్ సి ఎక్కువ. పిక్కను కొరకకుండా మెలితిప్పి తీసి, పండునూ చేతులనూ కడిగి, వగరు తగ్గడానికి ఉప్పు అద్దుకుని తినండి.