ఊరి బావుల పక్కన క్వారీ: గ్రామసభల్లో వినపడే అపోహలు, వాస్తవాలు

నేను భూగర్భజలాల పని చేస్తాను. క్వారీ లీజు వస్తుందని తెలియగానే చాలా ఊళ్ల వాళ్లు ఫోన్ చేస్తారు, గ్రామసభకి రండి సార్ అని. వెళ్తే ఏ ఊళ్లో అయినా దాదాపు ఇవే మాటలు, క్వారీ కావాలనేవాళ్లవీ వద్దనేవాళ్లవీ రెండూ.

అపోహ: బ్లాస్టింగ్ లేకపోతే బావులకి ఢోకా లేదు.

వాస్తవం: పేలుళ్లకి బావి ఒరలు బీటలిస్తాయి, నీళ్లు బురదగా వస్తాయి, అది నిజమే. కానీ బావి ఎండటానికి ఎక్కువగా కారణం గుంత లోతు. మన గ్రానైట్ నేలల్లో నీళ్లుండేది పైన మెత్తబడిన రాతి పొరలో, దాని కింద పగుళ్లలో. క్వారీ గుంత ఆ నీటిమట్టం కంటే కిందకి దిగి మోటర్లు పెట్టి తోడటం మొదలుపెట్టాక ఊళ్లో అన్ని బావుల కంటే లోతైన ఇంకో బావి తవ్వినట్టే, ఊటంతా అటే పోతుంది. బ్లాకులు తీసే గ్రానైట్ క్వారీల్లో వైర్ సాతో, అంటే తీగ రంపంతో కోస్తారు, పెద్దగా పేలుళ్లుండవు, అయినా లోతుకి పోతే ఇదే జరుగుతుంది. అందుకే పర్యావరణ అనుమతుల్లో నీటిమట్టం దాటి తవ్వొద్దు, తవ్వాలంటే విడిగా పర్మిషన్ తీసుకోవాలి అనే షరతు మామూలుగా ఉంటుంది. ఆ కాపీ అడిగి తీసుకోండి, చాలామంది అడగనే అడగరు.

అపోహ: క్వారీకి 200 మీటర్లు దాటితే బావి సేఫ్.

వాస్తవం: కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది బ్లాస్టింగ్ ఉంటే 200, లేకపోతే 100 మీటర్లు. కేరళలో 50 మీటర్లే ఉన్నప్పుడు 2020 జులైలో గ్రీన్ ట్రిబ్యునల్ ఈ దూరాలే పాటించమంది. కానీ ఇవి ఇళ్లకి దూరాలు, ఊటకి కాదు. పగులు అటువైపు పోతే అంతకు మించిన దూరంలో బావి కూడా దిగిపోవచ్చు, మధ్యలో నల్లరాయి డైక్, అంటే నేలలోకి గోడలా దిగిన రాయి, అడ్డముంటే దగ్గర బావికి ఏమీ కాకపోవచ్చు. సభలో మీటర్ల మీద అరుచుకునే బదులు పగుళ్ల సర్వే చేయించమని అడగటం మేలు అని నా గట్టి అభిప్రాయం. వాల్టా చట్టంలో, అంటే నీరు, భూమి, చెట్ల చట్టంలో, 250 మీటర్లుంది కదా అంటారు కొందరు, అది ఊరి తాగునీటి సోర్స్ దగ్గర కొత్త బావి, బోరు వేయడం గురించి, క్వారీ గురించి కాదు.

అపోహ: నీళ్లు తేటగా ఉంటే మంచివే.

వాస్తవం: పేలుడు మందులో అమ్మోనియం నైట్రేట్ ఉంటుంది, పేలకుండా మిగిలింది వానకి కరిగి నేలలోకి దిగుతుంది, కంటికి కనపడదు. తాగేనీళ్లలో నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఎరువుల వల్లా మరుగుదొడ్ల వల్లా కూడా పెరుగుతుంది కాబట్టి క్వారీ మొదలవకముందే టెస్ట్ రిపోర్ట్ చేతిలో లేకపోతే తర్వాత ఎవరి మీదా ఏమీ నిరూపించలేరు.

బావిలో నీటిమట్టం సంగతీ అంతే. ఇప్పుడే మొదలుపెట్టండి, రాత్రంతా మోటరు ఆపి పొద్దున్నే టేపుకి బరువు కట్టి వదలండి, నెలకోసారి తేదీతో రాయండి, పంచాయతీ సెక్రటరీతో సంతకం పెట్టించండి. మే నెల లెక్కా నవంబర్ లెక్కా రెండూ ఉండాలి, లేకపోతే ఎండాకాలం కాబట్టి తగ్గింది అని కొట్టిపారేస్తారు.

అపోహ: పంచాయతీ వద్దని తీర్మానిస్తే క్వారీ ఆగిపోతుంది.

వాస్తవం: గ్రానైట్, కంకర లాంటి చిన్న ఖనిజాల లీజులకి రూల్స్ పెట్టే అధికారం 1957 గనుల చట్టం 15వ సెక్షన్ కింద రాష్ట్రానిది. షెడ్యూల్డ్ ఏరియాల్లో, అంటే గిరిజన ప్రాంతాల్లో మాత్రం, అక్కడి పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం ప్రకారం లీజుకి ముందే గ్రామసభ గానీ పంచాయతీ గానీ సిఫారసు చెయ్యాలి. మిగతా చోట్ల తీర్మానం ఒక్కటే ఆపలేదు, అలాగని వేస్ట్ కాదు. ఉత్తగా వద్దు అని రాయకుండా ఏ సర్వే నెంబర్లో ఏ బావి, ఎంత లోతు, ఎన్ని ఇళ్లు తాగుతున్నాయి అని రాయండి. ఐదు హెక్టార్ల లోపు లీజుకి పర్యావరణ అనుమతి అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి, 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే కావాలంది.

ఆ అనుమతి కోసం పబ్లిక్ హియరింగ్ (ప్రజాభిప్రాయ సేకరణ) పెడితే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఎవరైనా మాట్లాడొచ్చు, చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి. అది అయ్యేదాకా కదలకండి, మీ బావి వివరాలు అందులో లేకపోతే అక్కడే లేచి రాయించండి.