వేలి వెంట చూపు తిప్పితే భయం తగ్గుతుందా?

గాలి కాస్త జోరందుకుంటే చాలు, మా పక్కింటి పిన్నిగారు లేచి ఒక్కో కిటికీ గడియా లాగి చూసుకుంటారు. 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకిన ఆదివారం, వాళ్ల హాల్లో కిటికీ అద్దం భళ్లున పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కరెంటు లేని ఆ రాత్రులు, బకెట్లతో నీళ్లు మోసిన తిప్పలు, బీచ్ రోడ్డులో కూలిన చెట్లు, ఇవన్నీ మేం ఇప్పుడు కబుర్లుగా చెప్పుకుంటాం. పిన్నిగారు చెప్పరు. ఆ మాటెత్తితే ఆవిడ చేతులు చల్లబడతాయి. "ఇప్పుడే పగిలినట్టు ఉంటుందమ్మా" అంటారు.

కిటుకంతా ఆ "ఇప్పుడే"లో ఉంది. మామూలు జ్ఞాపకానికి ఎప్పుడు, ఎక్కడ అనే చిరునామా ఉంటుంది. అది రాసిపెట్టడంలో మెదడులోని హిప్పోకాంపస్‌ది ముఖ్యపాత్ర. ప్రమాదం పసిగట్టి గంట కొట్టేది అమిగ్డాలా. విపరీతమైన భయంలో గంట మోగుతూనే ఉంటుంది, చిరునామా సరిగ్గా పడదు. దాంతో చప్పుడు, వాసన, వణుకు ముక్కలుగా మిగిలిపోయి, చిన్న గాలికే తిరిగొస్తాయి.

ఇలాంటివాళ్ల కోసం ఈఎండీఆర్ (ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్) అనే చికిత్స ఉంది, అంటే కళ్లు కదిలిస్తూ చేదు జ్ఞాపకం పదును తగ్గించే పద్ధతి. అమెరికన్ సైకాలజిస్టు ఫ్రాన్సిన్ షపీరో 1987లో ఓ పార్కులో నడుస్తుండగా, కళ్లు అటూ ఇటూ కదిలినప్పుడు తనను వేధిస్తున్న ఆలోచనల పదును తగ్గినట్టు గమనించారట. 1989లో తొలి అధ్యయనం అచ్చయింది. నిజం చెప్పొద్దూ, మొదటిసారి విన్నప్పుడు నాకిది తాయెత్తు వైద్యంలా అనిపించింది.

గదిలో జరిగేది చాలా సాదాసీదాగా ఉంటుంది. మొదట కొంతకాలం మాట్లాడతారు, మనసు కుదుటపరచుకునే పద్ధతులు నేర్పుతారు. ఆ తర్వాతే అసలు జ్ఞాపకం జోలికి వెళ్తారు. అందులో అన్నిటికన్నా బాధించే దృశ్యం ఏది? దాన్ని తలచుకుంటే నీ గురించి నీకు ఏమనిపిస్తుంది? ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది? సున్నా నుంచి పది వరకు బాధకు ఎన్ని మార్కులు? ఇవి అడిగాక, ఆ దృశ్యం మనసులో ఉంచుకునే, థెరపిస్టు అటూ ఇటూ ఆడించే వేళ్లను కళ్లతో అనుసరించాలి. సుమారు అరనిమిషం. ఆపి, "ఇప్పుడేం వచ్చింది?" అని అడుగుతారు. ఏది వస్తే దాని వెంటే మళ్లీ ఇంకో విడత. హిప్నాటిజం కాదు, మనిషి పూర్తి తెలివిలోనే ఉంటారు. మార్కులు సున్నాకో, దాని దగ్గరికో దిగేదాకా ఇలా సాగుతుంది. కొందరికి వేళ్ల బదులు మోకాళ్ల మీద మార్చి మార్చి తట్టడమో, రెండు చెవుల్లో వంతులవారీగా శబ్దమో వాడతారు.

ఎందుకు పనిచేస్తుందన్నదానికి నాకు నచ్చిన వివరణ వంటింటి గట్టులాంటిది. ఆలోచన నడిచేటప్పుడు మనసు వాడుకునే జాగాను వర్కింగ్ మెమరీ అంటారు. ఆ గట్టు చాలా ఇరుకు. పాత దృశ్యాన్ని దాని మీద పెట్టి, పక్కనే కదిలే వేలిని కూడా పెడితే, దృశ్యానికి చోటు చాలక రంగు వెలుస్తుంది. పైగా, తలచుకున్న జ్ఞాపకం కాసేపు మెత్తబడి, తిరిగి కొత్తగా గట్టిపడుతుందని 2000లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. అలా వెలిసిన రూపంలోనే అది మళ్లీ అరకెక్కుతుందన్నది ఊహ. మద్దిలపాలెంలో కళ్ల ముందే తప్పిపోయిన బస్సులాంటి చిన్న చిరాకు ఒకటి తలచుకుంటూ, 500 నుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టి చూడండి. బస్సు మసకబారుతుంది. పెద్ద గాయాలతో మాత్రం ఇంట్లో ఈ ఆట వద్దు.

మరి లెక్కలతోనూ అదే జరిగితే కళ్ల గొప్పేముంది? పరిశోధకుల తగాదా సరిగ్గా ఇక్కడే. చూపు పైకీ కిందికీ తిప్పినా దృశ్యం మసకబారుతుందని ప్రయోగాల్లో తేలింది కాబట్టి, చూపు అటూ ఇటూ తిప్పడం వల్లే ఎడమ మెదడు, కుడి మెదడు కలిసి భయం తగ్గుతుందన్న ప్రచారాన్ని నేనైతే నమ్మను. 2001లో వచ్చిన ఒక సమీక్ష కంటి కదలికల వల్ల అదనపు లాభం లేదంది. 2013లో వచ్చిన మరొకటి ఉందంది. 2019లో కొరియా శాస్త్రవేత్తలు, అటూ ఇటూ మారే వెలుగు చూపిస్తే ఎలుకల్లో భయం తగ్గిందని, ఆ దారి అమిగ్డాలా దాకా వెళ్తుందని చూపించారు. కారణం మీద పేచీ ఉన్నా, ఫలితం మీద అంత పేచీ లేదు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పీటీఎస్‌డీకి, అంటే పెద్ద ప్రమాదమో భయమో చూశాక వదలకుండా వేధించే మానసిక సమస్యకు, సిఫారసు చేసిన చికిత్సల్లో ఈఎండీఆర్ కూడా ఉంది.

జ్ఞాపకం చెరిగిపోదు. అద్దం పగిలిందనీ, అది 2014లోననీ తెలుస్తూనే ఉంటుంది, చేతులు మాత్రం చల్లబడవు.

పిన్నిగారి మనవడు ఫోన్లో అటూ ఇటూ పరుగెత్తే చుక్క వీడియో పెట్టిచ్చాడు. నేను ఆపేయమన్నాను. వేలు ఆడించడం ఎవరైనా చేస్తారు, గాయం ఒక్కసారిగా తెరుచుకుంటే మనిషిని నిలబెట్టడానికే శిక్షణ పొందినవాళ్లు కావాలి. ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేద్దామన్నాను, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. "ఆలోచిస్తాలే" అన్నారావిడ, ఒక కన్ను కిటికీ మీద ఉంచి.